సాక్షి చూపించిన మనిషి

సుహాస్‌కి అమెరికా రాజ్యాంగం కంఠోపాఠం. నోరు విప్పకుండా ఉండే హక్కు ఎన్నో సవరణలో ఉందో, లాయరు సాయం పొందే హక్కు ఎన్నో సవరణలో ఉందో, నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెబుతాడు. ఆ సంగతి నలుగురికీ తెలియాలన్న సరదా కూడా కాస్త ఎక్కువే. అలాంటివాడికి మొదటి కేసులోనే గొంతులో వెలక్కాయ పడింది.

అతని గురువు ఇమ్మానుయేలు గారిది బాపట్ల పక్క. ముప్పై ఏళ్లుగా అమెరికాలోని ఓ ఊళ్లో పబ్లిక్ డిఫెండర్. అంటే, లాయర్ని పెట్టుకునే తాహతు లేని ముద్దాయిల తరఫున సర్కారు జీతం మీద వాదిస్తారు. ఆఫీసులో అందరూ ఆయన్ని పేరు పెట్టి పిలుస్తారు. సుహాస్ ఒక్కడే మాస్టారూ అంటాడు.

విచారణ మొదలయ్యే రోజు పొద్దున్నే సుహాస్ ఆయన గదిలోకి వచ్చాడు.

"మాస్టారూ, నా వల్ల కాదు. మన ముద్దాయి రఫాయెలే ఆ దొంగతనం చేశాడనిపిస్తోంది నాకు."

"ఎందుకలా అనిపిస్తోంది?"

"పెట్రోలు బంకులో తుపాకీ చూపించి బెదిరించింది ఇతనేనని బెట్టీ గారు చెబుతున్నారు. ప్రాథమిక విచారణలో వేలు పెట్టి మరీ చూపించారు. ఆవిడకి అబద్ధమాడాల్సిన అవసరం ఏముంది? నమ్మకుండా ఎలా వాదించను?"

ఇమ్మానుయేలు గారు లేచి మూలనున్న బీరువా తెరిచారు. దాని నిండా ఎవరెవరో ఇచ్చిన పాత చొక్కాలు, కోట్లు. ముద్దాయిని జైలు బట్టల్లో జ్యూరీ ముందు కూర్చోబెట్టకూడదన్నది అక్కడి నియమం. సొంత బట్టలు లేనివాళ్లకి ఆ బీరువాయే దిక్కు.

ఆయన ఒక కోటు తీశారు, పెట్టేశారు. ఇంకోటి తీశారు, అదీ పెట్టేశారు.

"ఒక్కటీ సరిపోదయ్యా. రఫాయెల్‌ది నీ కొలతే. నీ కారులో ఇంకో కోటుందిగా, పట్రా."

సుహాస్‌కి ఒళ్లు మండింది. ఇంత పెద్ద ప్రశ్న అడిగితే కోటు తెమ్మంటారా? అయినా తెచ్చాడు. ఆ కోటు పట్టుకుని ఇద్దరూ కోర్టుకి వెళ్లారు. జైలు నుంచి తెచ్చినవాళ్లని ఉంచే గదిలో ఇమ్మానుయేలు గారు రఫాయెల్‌కి టై కట్టారు, కాలరు సర్దారు. రఫాయెల్ ఇళ్ల పైకప్పులు వేసే కూలీ. పాతికేళ్లుంటాయి. బెయిలుకి డబ్బు లేక ఏడు నెలలుగా జైల్లోనే ఉన్నాడు. నేరం రుజువైతే పదిహేనేళ్లు. అతను జైల్లో ఉండగా పుట్టిన కూతుర్ని ఇప్పటిదాకా జైల్లో అద్దం అవతల నుంచే చూశాడు.

"అతని పక్కన కూర్చో. మధ్యలో కుర్చీ వదలకు," అన్నారు ఇమ్మానుయేలు గారు హాల్లోకి వెళ్లగానే. శిష్యుడు కూర్చున్నాడు, ముళ్ల మీద కూర్చున్నట్టు.

బెట్టీ గారు బోనెక్కారు. అరవై దాటిన మనిషి, బంకులో క్యాషియరు. ప్రాసిక్యూటరు మర్యాదగా అడిగాడు.

"మీకు తుపాకీ చూపించిన మనిషి ఈ హాల్లో ఉన్నాడా?"

"ఉన్నాడు."

"చూపించండి."

ప్రాథమిక విచారణ నాడు ఆవిడ ఎదుట నారింజ రంగు జైలు బట్టల్లో, చేతికి బేడీలతో ఉన్నది ఒక్కడే. ఇవాళ ముద్దాయి బల్ల దగ్గర కోట్లు వేసుకున్నవాళ్లు ముగ్గురు. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. వేలు లేచింది. వణకలేదు, తడబడలేదు.

ఆ వేలు సుహాస్ వైపు చూపిస్తోంది.

"అతనే. ఆ కళ్లు నేను చచ్చేదాకా మరిచిపోను."

ప్రాసిక్యూటరు మొహంలో నెత్తురు చుక్క లేదు. "మరోసారి జాగ్రత్తగా చూడండి," అన్నాడు.

"చూశానయ్యా. అతనే!"

హాల్లో నవ్వులు. జడ్జి గారు మాత్రం నవ్వలేదు. "సాక్షి డిఫెన్సు లాయరుని చూపించారని రాసుకోండి," అన్నారు.

సుహాస్‌కి నేను కాదు, నేను కాదు అని అరవాలనిపించింది. రఫాయెల్ అతని వంక చూశాడు. ఆ చూపులో ఎగతాళి లేదు, జాలి ఉంది. అది సుహాస్‌కి మరీ కష్టంగా అనిపించింది.

ఇమ్మానుయేలు గారు లేచి రెండే ప్రశ్నలు వేశారు.

"అమ్మా, మీరు నిజమే చెబుతున్నారని నాకు తెలుసు. ఇప్పుడు మీకు అనుమానమేమైనా ఉందా?"

"రవ్వంత కూడా లేదు."

"ప్రాథమిక విచారణలో రఫాయెల్‌ని చూపించినప్పుడూ ఇంత నమ్మకంగానే చూపించారా?"

"ఇంత నమ్మకంగానే."

"సంతోషమమ్మా," అని కూర్చున్నారు.

విరామంలో సుహాస్ మొహం మీద నీళ్లు చల్లుకుంటుంటే ఆయన పక్కకొచ్చి నిలబడ్డారు.

"బంకులో దొంగతనం జరిగింది మార్చి పదకొండున, సాయంత్రం ఆరింటికి. ఆ వేళ నువ్వెక్కడున్నావయ్యా?"

సుహాస్ ఆలోచించాడు. ఎంత తవ్వినా ఏమీ గుర్తు రాలేదు.

"తెలీదు మాస్టారూ."

"మంచిది. చివరి వాదన నువ్వే చెయ్యి."

ప్రాసిక్యూషను దగ్గర ఆవిడ మాట తప్ప మరో ఆధారం లేదు. డిఫెన్సు ఒక్క సాక్షినీ పిలవలేదు. పిలవాల్సిన అవసరమూ లేదు, నిరూపించాల్సింది అవతలివాళ్లు. సుహాస్ రాసుకొచ్చిన ముప్పై పేజీలూ బల్ల మీదే వదిలేసి జ్యూరీ ముందు నిలబడ్డాడు.

"బెట్టీ గారు అబద్ధం చెప్పలేదు. పొరబడ్డారు. ఆవిడ వేలు నా వైపు తిరిగినప్పుడు నాకు చాలా భయమేసింది. నన్ను ఎవరూ ఏమీ చేయలేరని తెలిసినా భయమేసింది. రఫాయెల్‌కి ఆ భయం ఏడు నెలలుగా ఉంది. నాకు చెప్పాల్సింది ఇంతే."

జ్యూరీ లోపలికెళ్లి ముప్పావుగంటలో తిరిగొచ్చింది. నిర్దోషి! ప్రాసిక్యూటరు కోరిక మీద జడ్జి గారు జ్యూరీలోని పన్నెండుమందినీ ఒక్కొక్కరినే అడిగారు, ఇది మీ తీర్పేనా అని. అవును. అవును. అవును. ఒక్కో అవునుకీ సుహాస్ గుండె ఎగిరిపడింది. పన్నెండోది వినేసరికి రఫాయెల్ చెయ్యి తన చేతిలో ఉందని చూసుకున్నాడు. ఎప్పుడు పట్టుకున్నాడో తెలీదు.

వెనక నుంచి రఫాయెల్ భార్య కేక పెట్టింది. పిల్లని ఎత్తుకుని పరుగున వచ్చి అతని చేతుల్లో పెట్టింది. అతను పిల్ల తల మీద మొహం ఆనించి ఏడ్చాడు. హాల్లో ఎవరో చప్పట్లు కూడా కొట్టారు, జడ్జి గారు విననట్టు ఊరుకున్నారు.

కాసేపటికి రఫాయెల్ కళ్లు తుడుచుకుని సుహాస్ దగ్గరికొచ్చాడు.

"సార్, మీకైనా నిజం చెప్పాలి. ఆ రోజు నేను..."

"నువ్వు ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు," అన్నాడు సుహాస్. "పిల్లని తీసుకుని ఇంటికెళ్లు."

నమ్మకుండా ఎలా వాదించనని పొద్దున అడిగినవాడి నోట ఆ మాట విని ఇమ్మానుయేలు గారు కోర్టు హాలని కూడా చూడకుండా పగలబడి నవ్వారు.