పళ్ళికిలించిన వకుళ

అనగనగనగా, కొండ కింద ఒక పల్లె ఉండేదిట. ఆ కొండ మీద మనుషుల కంటే కోతులే ఎక్కువ. దుప్పటి తన్నెయ్యకు మరి, తన్నితే కథ చెప్పను.

అప్పుడు ఆ పల్లెకి వకుళ అని ఒకమ్మాయి వచ్చింది. చాలా పెద్ద చదువు చదివింది. ఏం చదువంటావా? కోతులు ఒకదానితో ఒకటి ఏం చెప్పుకుంటాయో, ఎవరి మాట ఎవరు వింటారో చూసి పుస్తకంలో రాసుకోవడం. నవ్వకు, అలాంటి చదువు కూడా ఉంది. నిన్ను అడిగితే రేపే చేరిపోతానంటావు.

విస్తర్లు కుట్టడానికి అడ్డాకులు ఏరుకునే సన్యాసమ్మ ఆమెకి రోజూ కొండ మీద దారి చూపించేది. వకుళకేమో ఎవరు కనబడ్డా నవ్వే అలవాటు. కోతులు కనబడినా అంతే, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వేది. ఆ తర్వాత ఏమయిందనుకున్నావు? పిల్లకోతులు కూడా ఆమెని లెక్క చెయ్యలేదు. ఒకటి కళ్ళజోడు లాగింది. ఒకటి పెన్ను ఎత్తుకుపోయింది. ఇంకోటైతే ఆమెని బండ మీంచి తోసేసి, దర్జాగా తనే కూర్చుంది!

అప్పుడొకరోజు పొద్దున్నే కొండ మీద పెద్ద గోల. షికారుకొచ్చినవాళ్ళెవరో ప్లాస్టిక్ మిఠాయి డబ్బా పారేసి పోయారు. ఒక తల్లికోతి బిడ్డ అందులో తల దూర్చేసింది. ఇక తల బయటికి రాదు. తల్లి లాగితే కీచుమని ఏడుపు. పాలు తాగడానికి లేదు. మధ్యాహ్నానికి ఆ పసిదాని మెడ వాలిపోయింది.

"ఇలాగే ఉంటే రేపటికి బతకదు సన్యాసమ్మా" అంది వకుళ.

నవ్వుతూ మెల్లిగా దగ్గరికెళ్ళింది. తల్లికోతి గుర్రుమని తరిమేసింది. ఆ తర్వాత వకుళ అరటిపళ్ళు పెట్టి పిలిచింది. బలిసిన మగకోతులొచ్చి గుటుక్కున మింగి పోయాయి. తల్లికి తొక్క కూడా దక్కలేదు.

అప్పుడు సన్యాసమ్మకి కోపమొచ్చింది. "ఏటమ్మా, ఆటి ముందు అలాగ పళ్ళికిలిస్తావు? సిన్నకోతి పెద్దకోతికి భయపడితే పళ్ళు సూపిస్తాదని నువ్వే గదా రాసుకున్నావు! మరి నీ పళ్ళ సంగతి రాసుకోనేదేటి?"

వకుళ నాలిక కరుచుకుంది. అంటే ఇన్నాళ్ళూ నవ్వి నవ్వి, 'నేను మీ అందరికంటే చిన్నదాన్ని, మీరంటే నాకు భయం' అని చెప్పుకుంటూ వచ్చిందన్నమాట! బెదిరిపోయేదాని చేతికి బిడ్డనిస్తుందా ఏ తల్లయినా? చదువుకున్నవాళ్ళతో ఇదే గొడవ, మీ తాతయ్యా అంతే.

ఆ తర్వాత వకుళ నోరు మూసుకుంది. తల్లికోతి కళ్ళలోకి చూడకుండా పక్కకి తిరిగి కూర్చుంది. స్నేహమున్న కోతులు చేసినట్టే పెదాలు ఆడించింది. చప్ చప్ చప్. ఏదీ, నువ్వు చెయ్యి? ఆఁ, అలాగే! వకుళ కాస్త దగ్గరికి జరిగింది. మళ్ళీ చప్ చప్ చప్. ఇంకాస్త జరిగింది. అప్పుడు తల్లికోతి కూడా ఆమెని చూసి చప్ చప్‌మంది.

వకుళ దాని వీపు మీద చెయ్యి వేసి, జుట్టు పాయలు తీసి పేలు చూసింది. తల్లికోతి కళ్ళు మూసుకుంది. బిడ్డని పట్టుకున్న చెయ్యి వదులు చేసింది. అప్పుడు వకుళ సంచిలోంచి చిన్న కత్తెర తీసి, డబ్బా అంచు మెల్లిమెల్లిగా కత్తిరించింది. ఫట్! తల బయటికొచ్చింది. బిడ్డ ఒక్క దూకు దూకి తల్లి రొమ్ము పట్టుకుంది. వకుళకి ఎంత సంతోషమంటే, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

ఆ తర్వాత తల్లికోతి బిడ్డతో సహా వచ్చి వకుళ వెనకాల చేరింది. జడ విప్పేసి, పేలు చూడ్డం మొదలుపెట్టింది. కోతుల్లో అంతకంటే పెద్ద ప్రేమ లేదు తల్లీ.

దొరికాయా అంటావా? దొరక్కేం, రెండు దొరికాయి!

ఆ రోజు వకుళ పుస్తకం తెరవనేలేదు. తల కదిపితే కోతి లేచిపోతుందేమోనని, పొద్దు గూకేదాకా అలాగే కూర్చుండిపోయింది.

కోతేమో కొండ అంచుకి,
కథేమో కాళ్ళీడ్చుకుంటూ కంచికి,
నువ్వు జరుగు మంచం అంచుకి,
అమ్మమ్మకీ చోటుండాలి మరి!