ఎవరి తాలూకా

ఆఫీసులో ప్రోగ్రామర్లు ప్రసూనను ఆసుపత్రి మనిషి అనేవారు. ఆసుపత్రిలో ఆమె కంప్యూటరు కంపెనీ అమ్మాయి. ఉద్యోగం బిజినెస్ అనలిస్టు. అవసరమున్నవాళ్ల మాట విని, తయారుచేసేవాళ్లకు అర్థమయ్యేలా రాసిపెట్టాలి. పనంతా మనుషులతోనే, అన్నం మాత్రం ఒక్కతే తినేది.

వార్డులకు కావలసిన మందుల్ని చీటీల మీద కాకుండా కంప్యూటరులోనే అడిగే పద్ధతి ఒకటి ఆర్నెల్లు తిరిగి తిరిగి చేయించింది. ఆమె రాసిన అరవైనాలుగు పేజీల మీదా సూపరింటెండెంటు సంతకం పెట్టాడు. రాసింది రాసినట్టే తయారైంది. తీరా చూస్తే నర్సులు దాని మొహం చూడలేదు. సోమవారానికల్లా వాడకంలోకి రాకపోతే తీసి పారేస్తామని ఆసుపత్రివాళ్లు కబురు పెట్టారు. ఇటువాళ్లూ అటువాళ్లూ వేలు చూపించింది ప్రసూన వైపే. అడకత్తెరలో పోకచెక్క అంటారే, పాపం అలా అయింది ఆ పిల్ల పని.

తనకీ విద్య నేర్పిన వహీద్ గారి దగ్గరికి వెళ్లింది. ఆయన రిటైరై పదేళ్లయింది.

“ఎక్కడ తప్పు రాశానో చూడండి సార్. లేదంటే ఈ పని మానేస్తాను. రెండు వైపులా వెతికినా నాకంటూ ఒక్క మనిషి లేడు.”

వహీద్ గారు కాగితాలు తెరవలేదు. చెప్పులు వేసుకున్నారు.

“ఆసుపత్రికి పోదాం పద.”

నాలుగో అంతస్తులో నర్సు చీటీ రాసి ఆయా గౌరమ్మకిచ్చింది. గౌరమ్మ బుట్ట తీసుకుని మెట్లు దిగింది. వహీద్ గారు ఆమె వెనకే దిగి, మందుల స్టోరు ముందు ఆమెతోపాటే వరసలో నిలబడ్డారు. సెలైన్ సీసాలతో బుట్ట నిండాక ఒక పక్క తను పట్టుకున్నారు. ప్రసూన ఉత్త చేతులతో వెనకాల ఎక్కింది.

రెండో అంతస్తులో గౌరమ్మ ఆయాసపడుతూ ఆగింది.

“మీరెవుల తాలూకా బాబూ? పెద్ద డాక్టరు గారి తాలూకాయా, కంప్యూటరోల తాలూకాయా?”

“ఎవరి తాలూకా కాదమ్మా.”

గౌరమ్మ ఆయన మొహంలోకి చూసింది. అటూ ఇటూ చూసి మెట్టు మీద కూలబడింది.

“అలగైతే సెప్తాను. కంప్యూటర్లో నొక్కితే మందు పైకొచ్చేత్తాదా? మల్లీ నానే దిగాల. దిగేదాన్ని సీటీ అట్టుకెల్తే సరిపోద్ది గదా. మందే పైకొస్తే ఎవులికి సేదు?”

“ఈ మాట ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదేం?” అంది ప్రసూన.

“నన్నెవులడిగినారమ్మా?”

ప్రసూన రాసిన అరవైనాలుగు పేజీల్లో గౌరమ్మా లేదు, ఆమె దిగే మెట్లూ లేవు.

నాలుగో అంతస్తు చేరాక గౌరమ్మ బుట్టతో వార్డులోకి వెళ్లిపోయింది. మెట్ల దగ్గర ఇద్దరే మిగిలారు. ఎవరూ వాళ్లను పలకరించలేదు.

“ఇన్నేళ్లూ మీకూ ఇలా ఒంటరిగానే ఉండేదా సార్?”

“ఉండేదమ్మా,” అన్నారు వహీద్ గారు. “అందుకే నాకు చెప్పేవాళ్లు.”