పీతకి పక్క నడక ఎలా వచ్చింది

ఏం చూశారో చెప్పండి.

మధ్యాహ్నమంతా ఆ ఫోన్ చుట్టూ మూగి కూర్చున్నారు కదా. వింత వింత జంతువులు జట్లు కట్టి తలపడే ఆట. గెలవగానే పైకప్పు ఎగిరిపోయేలా అరిచారు. ఏం చూశారు మరి?

"నిప్పులు కక్కే డ్రాగన్ ఒక్క దెబ్బతో పడగొట్టేసింది" అంటారు. సరే. ఆ దెబ్బకి ముందో? డ్రాగన్ ఓపిక అయిపోయి లోపలికి వెళ్ళినప్పుడు దాని బదులు బయటికొచ్చి దెబ్బలు తిన్నదెవరు? దాని గాయాలు మాన్పి మళ్ళీ నిలబెట్టిందెవరు?

"ఓ, అదా! గుండ్రంగా ఒకటుంటుంది. అది ఏమీ చెయ్యదు."

ఏమీ చెయ్యదా! ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఫోన్ బోర్లా పెట్టండి. ఇలా దగ్గరికి రండి. పీత సంగతి చెబుతాను.

ఒకప్పుడు పీత తిన్నగా నడిచేది. ముందుకంటే ముందుకి, వెనక్కంటే వెనక్కి. పక్కకి వెళ్ళాలంటే మనలాగే అటు తిరిగి నడిచేది.

ఆ పీత ఒక వాగులో ఉండేది. వానాకాలంలో ఆ వాగు ఒడ్డులు కోసుకుంటూ పారేది. ఎండలు ముదిరితే మాత్రం ఇసకలో ఇంకిపోయి, ఒక్క మడుగు మిగిలేది. ఆ మడుగు కోసం ఏటేటా పోటీ. ఒక పక్క నీటివాళ్ళు, ఇంకో పక్క మెట్టవాళ్ళు. గెలిచినవాళ్ళదే మడుగు, మళ్ళీ వానలు పడేదాకా.

తీర్పు చెప్పేది ఆ వాగు తల్లి, వాగమ్మే. ఇసకలో గుండ్రంగా గీత గీసి, "ఇదే బరి" అనేది.

"ఒక్కో జట్టుకి ముగ్గురు. తలపడేది ఒక్కొక్కరే. అలిసినవాడు 'మార్పు!' అని అరిచి తనవాడి వెనక కూర్చోవచ్చు. కానీ అలా మార్పు మీద ముందుకొచ్చినవాడు మొదటి దెబ్బ ఊరికే తినాలి. ఓడినవాడి బదులు దిగినవాడికి ఆ లెక్క లేదు. గీత దాటి పడినవాడు ఓడినట్టే. ఎదుటివాడి మీంచి ముఖం తిప్పుకున్నవాడు ఓడినట్టే. వెనక కూర్చున్నవాడిని శత్రువు వచ్చి తాకితే వాడూ ఓడినట్టే. విన్నారా?"

"విన్నాం వాగమ్మా!"

ఆ ఏడు మెట్టవాళ్ళు గట్టి జట్టుతో వచ్చారు. కొరడాలాంటి తోక ఉన్న ఉడుము. కన్ను మూసి తెరిచేలోపు చుట్టూ తిరిగొచ్చే ముంగిస. వాళ్ళిద్దరి వెనక, ఏ తొందరా లేకుండా, కొంగ.

కొంగని చూసి నీటివాళ్ళ జట్టు కట్టే కప్పక్క హడలిపోయింది. ఎందుకంటే మడుగు నిండా దాని పిల్లలే. తోకలింకా ఊడలేదు, కాళ్ళింకా రాలేదు. పెద్దవాళ్ళయితే బురదలో దూరో, మరో చెమ్మ వెతుక్కునో బతుకుతారు. కాళ్ళు లేని పిల్లలు ఎక్కడికి వెళ్తాయి? మడుగు పోతే అవి కొంగ నోట్లోకే.

"ఈసారి ఓడిపోకూడదు. కొట్టేవాళ్ళే కావాలి నాకు. ముగ్గురూ కొట్టేవాళ్ళే!" అంది కప్పక్క.

నీటివాళ్ళకి జట్టు కట్టేటప్పుడు ఒక అలవాటుంది. ఎవరెంత కొట్టగలరో ముందుకొచ్చి చెప్పుకోవాలి. కొర్రమీను మామ తోక ఆడించి, "ఈ తోకతో కొడితే గేదె కూడా గట్టెక్కాలి" అంది. కప్పక్క వెనక కాళ్ళు చాచి చూపించింది. రొయ్య మీసాలు రెండూ సవరించుకుని, "నా నెత్తి మీది ముల్లు చూశారా? గుచ్చితే అంతే సంగతులు" అంది.

చివరికి పీత వచ్చింది.

"నువ్వెంత కొడతావు తమ్ముడూ?" అంది కప్పక్క.

"నేను కొట్టనక్కా."

మడుగంతా నవ్వు. బుడగలే బుడగలు.

"మరి బరిలో ఏం చేస్తావురా, వంట చేస్తావా?" అంది రొయ్య.

"కొట్టడానికి మీరున్నారుగా. దెబ్బ ఆపడానికి ఎవరున్నారు?" అంది పీత.

"దెబ్బ ఆపడమేమిటి! మనం కొడితే వాళ్ళు కొట్టరు. వెళ్ళు, వెళ్ళి పిల్లలకి కాపలా కాయి" అంది కప్పక్క.

చూశారా! కొట్టేవాళ్ళ గొప్పలు చెవులు చిల్లులు పడేలా వినిపిస్తాయి. ఆపేవాడి పని ఎవరికీ కనిపించదు. పీత వెళ్ళి ఒడ్డు దగ్గర కూర్చుంది.

ఎండ నడినెత్తికి వచ్చింది. మెట్టవాళ్ళు బరి చుట్టూ చేరారు. ఉడుము బరిలోకి దిగి, తోకతో ఇసకని ఒక్కటిచ్చింది. ఇసక తాటిచెట్టంత ఎత్తు లేచింది.

రొయ్య చూసింది. "అయ్యో, పొయ్యి మీద ఏదో పెట్టొచ్చాను" అంటూ వెనక్కి వెనక్కి ఎగిరి, బుడుంగున మడుగులో మునిగింది.

"ఒరేయ్! పొయ్యి ఏమిట్రా, నీళ్ళలో!" అని కప్పక్క అరుస్తూనే ఉంది. రొయ్య మీసం కూడా కనిపించలేదు.

"మూడోవాడు లేకపోతే పోటీ లేదు. మడుగు మెట్టవాళ్ళకి ఇచ్చేస్తాను" అంది వాగమ్మ.

"నేనున్నాను" అంటూ పీత వచ్చి నిలబడింది. కప్పక్క తల కొట్టుకుంది. కానీ వేరే దారేదీ?

మొదట కొర్రమీను మామ దిగింది. ఫెడీ ఫెడీమని తోకతో వాయించింది. ఉడుము రెండడుగులు వెనక్కి వేసింది. నీటివాళ్ళు కేకలు పెట్టారు. కానీ పిల్లలూ, అది ఎండ! చేపకి ఎండలో ఎంతసేపు బలం? ఒళ్ళు ఎండిపోయింది, మొప్పలు అంటుకుపోయాయి, నోరు తెరుచుకుపోయింది.

"మా...ర్పు" అంది మామ.

పీత ముందుకొచ్చింది. ఉడుము తోక గిర్రున తిప్పి, దాని వీపు డొప్ప మీద ఠంగుమని కొట్టింది. పీత ఇసకలోకి సగం దిగిపోయింది. ఒకసారి కళ్ళు మూసి తెరిచి, మళ్ళీ పైకి వచ్చింది.

"ఇంకా ఉందా?" అంది.

ఉడుముకి రోషం వచ్చింది. కొట్టింది. మళ్ళీ కొట్టింది. డొప్ప పగల్లేదు కానీ తోక వాచిపోయింది. ఆ దెబ్బల మధ్యే పీత ఏం చేసిందో తెలుసా? తన డొప్ప కింద దాచుకున్న నీటిని నురగ చేసి, బుడగలు బుడగలుగా వెనక్కి ఊదింది. ఆ తడి నురగ మామ మొప్పల మీద పడింది. మామ ఊపిరి తీసుకుంది.

"ఏయ్, కొట్టరా! నీ తోక డాన్సు చూడ్డానికి రాలేదు మేము!" అని మెట్టవాళ్ళు ఉడుము మీద గోల చేశారు.

ఉడుము తోక వేలాడేసే సమయం చూసి, "మార్పు!" అంది పీత. కప్పక్క దూకింది. నీరసపు తోక దెబ్బ ఒక్కటి తిని, రెండు కాళ్ళూ కలిపి తన్నింది. ఉడుము గీత బయట వెల్లకిలా పడింది.

అప్పుడు ముంగిస వచ్చింది. అది తెలివైనది. మొదటే కప్పక్క నడుం మీద ఒక్క చరుపు చరిచింది. కప్పక్క మూలుగుతూ మార్పు అడిగి, పీత వెనక మామ పక్కన కూలబడింది. ముంగిస పీతనూ ఒకటి కొట్టి చూసింది. చెయ్యి నొప్పెట్టింది. దాంతో పీతని వదిలేసి, వెనక ఉన్నవాళ్ళ మీద కన్నేసింది. తాకితే చాలు కదా!

ముంగిస ఎడమకి పరుగెత్తింది. పీత ఎడమకి తిరిగి నడిస్తే ముఖం తిప్పుకున్నట్టే, ఓడినట్టే. నిలబడిపోతే ముంగిస వెళ్ళి కప్పక్కని తాకుతుంది. ఏం చెయ్యాలి?

పీత ముఖం ముంగిస మీదే ఉంచి, కాళ్ళన్నీ బలంగా పక్కకి వంచింది. కీళ్ళు కటకటలాడాయి. ప్రాణం పోయినంత నొప్పి. కానీ ఒళ్ళు పక్కకి జరిగింది!

ముంగిస కుడికి పరుగెత్తింది. పీత కుడికి జరిగింది. ఎడమకి. ఎడమకే. ఎటు చూసినా ముంగిస ఎదురుగా అవే రెండు కళ్ళు.

"నువ్వు ఒకడివా, పదిమందివా?" అంది ముంగిస రొప్పుతూ.

"ఒకణ్ణే ముంగిసన్నా. కాస్త నెమ్మదిగా పరుగెత్తు, నాకు కొత్త నడక" అంది పీత.

తిరిగి తిరిగి ముంగిసకి కళ్ళు తిరిగాయి. పీత మార్పు అంది. కప్పక్క పీత వీపు మీద కాలు మోపి ఎగిరి వచ్చింది. ముంగిస కొట్టిన మొదటి దెబ్బ గాలికే పోయింది. కప్పక్క దెబ్బ మాత్రం పోలేదు. ముంగిస గీత దాటి ముళ్ళకంపలో పడింది.

ఇక కొంగ.

కొంగ పరుగెత్తలేదు, అరవలేదు. వచ్చీ రాగానే ముక్కుతో కప్పక్క తొడలో పొడిచింది. కప్పక్క మార్పు అందే కానీ లేవలేకపోయింది. పీత పక్కకి జరుగుతూ వచ్చి అడ్డంగా నిలబడి, వచ్చినందుకు మరో పోటు తిన్నది. ఒక కాలు తెగి ఇసకలో పడింది.

"ఒరేయ్ పీతా, నీకూ నాకూ ఏం తగువురా? నువ్వు ఒక్క దెబ్బా కొట్టలేదు. గెలిస్తే పేరు వాళ్ళది. ఓడితే తప్పు నీది. పక్కకి తప్పుకో, నీ జోలికి రాను" అంది కొంగ మెత్తగా.

పీత కొంగ వైపే చూస్తూ, "అక్కా, పిల్లలెన్ని?" అంది.

"ఎన్నని చెప్పను తమ్ముడూ, లెక్కపెట్టలేదు" అంది కప్పక్క ఏడుస్తూ.

"అయితే తప్పుకోవడం కుదరదు కొంగ బావా" అంది పీత.

పీత డొప్ప కింద ఇక ఒక్క గుక్క నీరే ఉంది. అది తన ఊపిరికి కావలసిన నీరు. పీత దాన్నీ నురగ చేసి, మామ మీదికే ఊదేసింది.

కొంగ మెడ వెనక్కి లాగి, ఉన్న బలమంతా పెట్టి పొడిచింది. పీత చటుక్కున పక్కకి జరిగింది. ముక్కు కసుక్కున తడి ఇసకలో దిగబడింది. పీత మళ్ళీ అంతే చటుక్కున ఇటు జరిగి, కత్తెర కాళ్ళు రెండిటితో ఆ ముక్కుని పట్టుకుంది. కొట్టలేదు, గుచ్చలేదు. పట్టుకుంది, అంతే. కొంగ రెక్కలు కొట్టుకుంది. పీత వదల్లేదు.

"మామా, మార్పు!"

మామ వచ్చింది. మొదటి దెబ్బ కొంగది కావాలి. కానీ ముక్కు ఇసకలో ఉంటే దెబ్బెక్కడిది? వాగమ్మ ఇసకలో దిగిన ముక్కు చూసి, "కొట్టే వంతు పోగొట్టుకున్నావు కొంగా. కానీయ్ మామా!" అంది. పీత పట్టు వదిలింది, మామ తోక లేచింది. ఫెడేల్! కొంగ గీత దాటి, కాళ్ళు పైకీ తల కిందికీ పడింది.

నీటివాళ్ళు మామని ఎత్తుకున్నారు, కప్పక్కని ఎత్తుకున్నారు. రొయ్య కూడా పైకొచ్చి, "మనం గెలిచాం!" అని గంతులేసింది. పీత ఒక్కటే బరి మధ్యలో ఉండిపోయింది. నోట్లో తడి లేదు. కదల్లేదు.

కప్పక్క అది చూసింది. "దించండర్రా నన్ను!" అని అరిచి, కుంటుకుంటూ వెళ్ళి, పీతని ఈడ్చుకొచ్చి నీళ్ళలో దించింది. చాలాసేపటికి ఒక బుడగ వచ్చింది. తరువాత ఇంకొకటి.

"తమ్ముడూ, నీకు వంట చేతకాకపోయినా ఫరవాలేదురా" అంది కప్పక్క, ఏడుస్తూ నవ్వుతూ.

పీత లేచి నడవబోయింది. ముందుకి అడుగు పడలేదు. కాళ్ళన్నీ పక్కకే బిగుసుకుపోయాయి.

"కంగారు పడకు. తెగిన కాలు మళ్ళీ మొలుస్తుంది. వంగిన కాళ్ళు బాగవ్వాలంటే కొన్నాళ్ళు లోతు నీళ్ళలో కదలకుండా పడుకో. నేను తడిపి తడిపి తిన్నగా చేస్తాను" అంది వాగమ్మ.

పీత ఒడ్డు వైపు చూసింది. కొంగ ఈకలు దులుపుకుంటూ, ఒంటికాలి మీద నిలబడి ఇటే చూస్తోంది. నీళ్ళలో కప్పక్క పిల్లలు తోకలాడిస్తూ వచ్చి పీత వెనక చేరాయి. పీత ఎడమకి జరిగితే ఎడమకి, కుడికి జరిగితే కుడికి.

"తిన్నటి కాళ్ళు నాకెందుకు వాగమ్మా? నేను పడుకుంటే వీటి ముందు ఎవరుంటారు?" అంది పీత.

వాగమ్మ పీత చుట్టూ ఒక చల్లటి అల తిప్పి వెళ్ళింది.

అప్పటినుంచే పీత పక్కకి నడుస్తోంది. దాని పిల్లలూ, ఆ పిల్లల పిల్లలూ పుట్టుకతోనే పక్కకి నడుస్తున్నాయి. మనం గట్టు మీద వెళ్తుంటే, ముఖం మన మీంచి తిప్పకుండా, కత్తెర కాళ్ళు ఎత్తి, ఇటూ అటూ జరుగుతూ, నోటి నుంచి బుడగలు వదులుతుంది. మీరు దాని నడక చూసి పడీ పడీ నవ్వుతారు. సరే, నవ్వండి, నవ్వు వచ్చేలాగే నడుస్తుంది. కానీ దాని వెనక ఎవరున్నారో మీలో ఒక్కరైనా ఎప్పుడైనా తొంగి చూశారా?