గురువారం గుక్కెడు నీళ్ళు

అనగనగా ఒక ఊళ్ళో అన్నానో లేదో, ఏ ఊరూ అని ప్రాణం తీస్తారు మీరు. రాజుగారుండే ఊరే, సరేనా? ఆ ఊళ్ళో బుచ్చమ్మ, బుచ్చమ్మకి పైడమ్మని ఒక కొత్త కోడలు.

ఆ రాజు బడి పెట్టించి, ఎవరి పిల్లలైనా వచ్చి చదువుకోండని చాటింపు వేయించాడు. ఫీజూ లేదు, గీజూ లేదు. తిండి సంగతే మర్చిపోయాడు మహానుభావుడు. ఆకలెయ్యకముందే విస్తరి వేస్తారాయె, ఆయనకెలా తడుతుంది?

పక్కూరి కుమ్మరోళ్ళ పిల్లాడు అప్పలసూరి ఆ బళ్ళో చేరాడు. పాపం ఇంట్లో గడవదు. ఊళ్ళోవాళ్ళు వాడికి వారాలిచ్చారు, అంటే రోజుకొకరింట్లో భోజనం. ఆదివారం ఆచారిగారిల్లు, సోమవారం సోమయ్యగారిల్లు, మంగళవారం మంగమ్మగారిల్లు, బుధవారం బుచ్చమ్మగారిల్లు, శుక్రవారం శెట్టిగారిల్లు, శనివారం సన్నాయివాళ్ళిల్లు. మరి గురువారం? గురువారం గుక్కెడు నీళ్ళు. ఊ కొడుతున్నారా, నేనొక్కదాన్నే వాగుతున్నానా?

ఆ రోజు గురువుగారు పెడతారని ఊళ్ళోవాళ్ళు, ఊళ్ళోవాళ్ళు పెడతారని గురువుగారు అనుకున్నారు. ఒకరి వారం గురించి ఇంకొకరు ఆరా తీయడం మర్యాద కాదట. తగలెయ్య ఆ మర్యాద.

గురువారమే లెక్కలు. పదమూడో ఎక్కం అప్పజెప్పమంటే వాడు కళ్ళు తేలేసేవాడు. వీడొట్టి మొద్దు, వచ్చే గురువారం రాజుగారి ముందు చెప్పలేకపోతే ఇంటికి పంపేస్తానన్నాడు గురువు. అంతటితో వాడి చదువు సరి.

ముందురోజు బుధవారం కదా, బుచ్చమ్మ ఇంట్లో తింటూ వాడు సగం అన్నం తువ్వాల్లో మూట కట్టుకున్నాడు. బుచ్చమ్మ చూసి దొంగవెధవని నానా తిట్లూ తిట్టింది. పైడమ్మ అత్తగారిని పల్లెత్తు మాటనలేదు. పెరట్లోకెళ్ళి, రేపెవరింట్లోరా నీకు అని మెల్లిగా అడిగింది. గురువారం గుక్కెడు నీళ్ళేనమ్మా, రేపు రాజుగారి ముందు ఎక్కం రాకపోతే ఇంటికేనట అన్నాడు వాడు.

రేపు తను పెడితే రేపటికి గడుస్తుంది. ఆ పై గురువారం? వీడి తర్వాత వచ్చే పిల్లలో? అనుకుని పైడమ్మ తిన్నగా రాజుగారి దగ్గరికే వెళ్ళింది. అయ్యా, ఇప్పట్నించీ రేపు మధ్యాహ్నందాకా మీరేమీ తినకుండా వచ్చి, ముందు మీరు పదమూడో ఎక్కం చెప్పండి, తర్వాత పిల్లాణ్ణి అడగండి అంది. ఓస్, ఇంతేనా అన్నాడు రాజు.

పొద్దున్నే పైడమ్మ అప్పలసూరికి చద్దన్నం, ఉల్లిపాయ పెట్టి బడికి పంపింది. రాజు వచ్చాడు. గుటకలు మింగాడు, మంత్రిని కసిరాడు, ఎక్కంలో ఏడు దగ్గర ఆగిపోయాడు. ఎంత తన్నుకున్నా రాదే. అప్పలసూరి అక్కణ్ణించి అందుకుని ఇరవైదాకా గడగడా చెప్పేశాడు. ప్రతి గురువారం వీడికీ ఇలాగే ఖాళీ కడుపేనయ్యా, ఇవాళ తిన్నాడు గనక వచ్చింది అంది పైడమ్మ.

అప్పుడు తెలిసొచ్చింది రాజుకి. బడిలోనే పొయ్యి వెలిగించి, ఏడు రోజులూ పిల్లలకి అన్నం పెట్టమన్నాడు. బట్టలూ దుప్పట్లూ కూడా ఇప్పించాడు. గరిటె ఎవరు పట్టారనుకున్నారు? బుచ్చమ్మే. దొంగన్న నోటితోనే తినరా నాయనా అంది.

ఆ పై గురువారం అప్పలసూరి విస్తరి ఖాళీ చేసి, ఇంకొంచెం పెట్టండమ్మా అన్నాడట. వారాలిళ్ళల్లో ఇన్నాళ్ళూ మారు అడగడానికి నోరు రాలేదర్రా వాడికి. పైడమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది.

అందుకే, చదువుకునే పిల్లల్ని ఎక్కం అడిగేముందు తిన్నావా అని అడగాలి. కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లో దూరండి.