కన్నున్న తలుపు

మధ్యాహ్నం దాటింది. ఎండ లేదు. వాన ఇంకా పడలేదు. కొండ వెనక నుంచి నల్లటి మబ్బొకటి మెల్లగా పైకి పాకుతోంది.

చుక్కల కోడి చుక్కమ్మ తలెత్తి ఓసారి చూసింది. ఆమె ఐదు పిల్లలూ సోలార్ తోటలో, ఎండతో కరెంటు చేసే పలకల కింద చీమల కోసం కుమ్ములాడుకుంటున్నాయి. పక్కనే ఎద్దు గంగన్న పడుకుని నెమరు వేస్తోంది. వానొస్తే గూడుంది కదా, అనుకుంది చుక్కమ్మ. గూటికి కొత్త తలుపు కూడా ఉంది కదా.

ఆ తలుపు సంగతి చెప్పాలి.

అంతకుముందు తాడు తలుపు ఉండేది. సాయంత్రమైతే చుక్కమ్మ గడప మీద నిలబడి లోపలికొచ్చేవాళ్ళను ఒక్కొక్కరినే లెక్కపెట్టేది. లెక్క సరిపోయాకే ముక్కుతో తాడు లాగేది, చెక్క పలక కిందికి దిగేది; తెల్లారి మళ్ళీ లాగితే పైకి లేచేది. చెరువు నుంచి బాతు ఆలస్యంగా వస్తే తాడూ ఆలస్యమే.

కొత్తొక వింత, పాతొక రోత. సోలార్ తోట చెత్తకుప్పలో కోతికి ఓ చిన్న పలక, బ్యాటరీ, మోటారు, చింతగింజంత గాజు కన్ను దొరికాయి. అన్నీ మోసుకొచ్చి గూటి ముందు పంచాయితీ పెట్టింది.

"ఎండే దీనికి తిండి," అంది కోతి. "పగలు బ్యాటరీ నింపుకుంటుంది, సాయంత్రం దానంతటదే తలుపు దించుతుంది. అత్తా, ఇక నీ ముక్కుకు విశ్రాంతి."

"ముసురు పట్టి ఎండే రాకపోతే?" అంది ఎద్దు.

"బ్యాటరీ వారం వస్తుంది మామా."

"మూసే వేళయిందని దానికెలా తెలుస్తుంది?" అంది చుక్కమ్మ.

"రెండు రకాల ప్రోగ్రాములున్నాయి. ఒకటి గడియారం చూసి మూస్తుంది. ఇంకోటి వెలుతురు చూసి. ఈ కన్నుకు చీకటైతే మూత, వెలుగైతే తెరుపు. ఏది పెట్టమంటారు?"

గోడ మీద ఎప్పుడొచ్చి కూర్చుందో నక్క, గొంతు సవరించుకుంది. "పరాయివాణ్ణి, చెప్పకూడదు గానీ... గడియారానికి చలికాలం తెలుసా, ఎండాకాలం తెలుసా? వెలుతురైతే సాక్షాత్తూ సూర్యుడి లెక్క. అబద్ధమాడదు."

అందరూ తలలూపారు. మాట బాగానే ఉంది మరి.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకో," అని ఎద్దు గొణిగింది. నెమరులో ఆ మాట ఎవరికీ వినపడలేదు.

"తాడు కూడా ఉంచుదాం," అంది చుక్కమ్మ. "ఒకవేళ..."

"అలాగే చెల్లెమ్మా, దానిదేముంది," అంది నక్క చప్పున. "ముందు అసలు సంగతి తేల్చండి. తలుపు మూసుకునేటప్పుడు పైన బల్బు వెలగాలి కదా. ఎర్రదా, పచ్చదా?"

అంతే. పంచాయితీ భగ్గుమంది.

"ఎరుపంటే ఆగమని. మూసేటప్పుడు ఎరుపే న్యాయం," అంది బాతు.

"ఎరుపు చూస్తే పిల్లలు జడుసుకుంటారు. పచ్చే పెట్టాలి," అంది చుక్కమ్మ.

"నీ పిల్లల కోసం అందరం పచ్చ చూడాలా?"

"నీ కాళ్ళు ఎర్రగా ఉన్నాయని గూడంతా ఎరుపా?"

బాతు రెండ్రోజులు చుక్కమ్మతో మాట్లాడలేదు. బల్బు గుండ్రంగా ఉండాలా, పలకలుగానా అని ఇంకోపూట పోట్లాట. మూసుకునే ముందు ఏ పాట మోగాలన్నది మరోపూట. రోజూ సాయంత్రం నక్క గోడ మీద కూర్చుని, అందరి మాటా శ్రద్ధగా వినేది. చివరికి పచ్చ నెగ్గింది.

"నెగ్గావు చెల్లెమ్మా!" అంది నక్క. "ఇంత అందమైన తలుపు పక్కన ఆ పేలికల తాడేమిటి, దిష్టికి కట్టినట్టు?"

తన రంగు నెగ్గిన సంబరంలో ఉంది చుక్కమ్మ. "నిజమే. తీసెయ్ కోతీ," అంది. ఆ మాట ఆమె నోటి నుంచే వచ్చింది.

ఇప్పుడు మబ్బు నడినెత్తికొచ్చింది. పగలే చీకటి కమ్మింది. గాజు కన్ను చూసింది. దాని లెక్కలో రాత్రయింది. పాట మోగింది, పచ్చ బల్బు వెలిగింది, తలుపు దిగిపోయింది. గూట్లో ఒక్క ప్రాణి లేదు.

బాతు చెరువులోకి దూకింది. కోతి స్తంభం ఎక్కింది. చుక్కమ్మ పిల్లలకు ఈత రాదు, రెక్కలు ఇంకా రాలేదు. పలకల వరస చివర ఎర్రటి తోక కదిలింది.

చుక్కమ్మ పిల్లల్ని తోలి ఎద్దు పొట్ట కిందికీ గంగడోలు కిందికీ తోసేసింది. "కిక్కురుమన్నారో!" అంది.

"నేను లేస్తే వీళ్ళు బయటపడతారు. లేవకపోతే దాన్ని తరమలేను," అంది ఎద్దు.

"లేవకు మామా."

ఆమె ఒక్కతే గూటి దగ్గరికి నడిచింది. నక్క తీరిగ్గా వచ్చింది.

"అయ్యో చెల్లెమ్మా, అప్పుడే తలుపు పడిందా? పిల్లలేరీ?"

చుక్కమ్మ మూసిన తలుపు వైపు చూసింది. నక్క కూడా అటే చూసింది. అప్పుడు తోచింది ఆమెకు.

"లోపలే," అంది. "వానొస్తుందని ముందే తోలాను. నేనే బయటుండిపోయాను."

ఈ ఒక్క కోడి ఎక్కడికి పోతుంది, ముందు ఐదు లేత పిల్లలు అనుకుని నక్క మూతి నాక్కుంది. "మబ్బు పోతే తెరుచుకుంటుందిలే. అందాకా నీకు తోడుంటాను," అని తలుపు ముందే కూర్చుంది.

గాలి లేచింది. మబ్బు చీలి పలచని వెలుగు పడింది. తలుపు పైకి లేచింది. చుక్కమ్మ గభాలున తల లోపల పెట్టి అరిచింది. "వెనక్కి పోండర్రా! మూలకి! ఎవరూ నోరు మెదపొద్దు!"

ఎవరూ మెదపలేదు. నక్క ఆమెను పక్కకు నెట్టి లోపలికి దూకింది.

చుక్కమ్మ గూటి పైకెగిరి, రెక్క విప్పి గాజు కన్ను మీద కప్పేసింది. పాట మోగింది, పచ్చ బల్బు వెలిగింది, తలుపు దిగింది.

లోపల గడ్డి చిమ్మిన చప్పుడు. కాసేపటికి, "చెల్లెమ్మా! ఇక్కడెవరూ లేరే!"

"అవునన్నా."

"ఊపిరాడట్లేదు. తాడు లాగమ్మా!"

"ఏ తాడన్నా?"

ఎద్దు తలతిప్పి గూటివైపు చూసింది. "బల్బు మాత్రం పచ్చగా బాగుంది," అంది.

వాన దంచి కొట్టింది. చుక్కమ్మ రెక్క తీయలేదు. వాన వెలిశాక సోలార్ తోట కాపలా మనిషి లోపలి గోల విని, గోనెసంచి తెచ్చి దాని మూతి తలుపుకు ఆనించి పట్టుకున్నాడు. అప్పుడు చుక్కమ్మ రెక్క తీసింది. సూర్యుడి లెక్క ప్రకారమే తలుపు తెరుచుకుంది, నక్క తిన్నగా సంచిలోకి దూకింది. కొండ అవతల వదిలేశాడంటారు. మళ్ళీ ఆ గోడ మీద కనపడలేదు.

పొద్దు వాలకముందే కోతి తలదించుకుని తాడు తెచ్చింది. కన్ను ఉండనిచ్చారు, పక్కనే తాడూ కట్టారు. "తాడు ఏ రంగుదైతే..." అని బాతు మొదలుపెట్టింది. చుక్కమ్మ చూసిన చూపుకు నోరు మూసుకుంది.

తలుపు అందం తేల్చేముందు, అది తప్పు చేసిన రోజున ఎలా తెరవాలో తేల్చుకో.

చుక్కమ్మ గడప మీద నిలబడింది. తడిసిన రెక్క ఇంకా ఆరలేదు. ఒకటి. రెండు. మూడు. నాలుగు. గంగడోలు కింద నిద్రపోయిన చిన్నదాన్ని ఎద్దు మూతితో మెల్లగా ముందుకు నెట్టింది. ఐదు. బాతు.

తాడు ముక్కున పట్టుకుంది. లాగలేదు. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది.