భూతం వీపు మీద తవిటి

“ఆవలో భూతం లేదని చూపించండి. చూపిస్తే లోతునీళ్లు మీకే ఇచ్చేస్తాను. ఇది దొర మాట.”

రాయి కంటే మాట గట్టిదని జనం నమ్మిన కాలంలో, ఒక దొర ఒక ఒడ్డున నిలబడి అన్న మాట ఇది. విన్నవాళ్లు మూడొందల మంది. నమ్మినవాళ్లు మూడొందల మంది. ఏ రోజున ఇస్తావని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు.

ఆ ఒడ్డున తుంగపాలెం అనే పల్లె ఉండేది. పల్లె ముందు పెద్ద నీళ్లు, నీళ్లకి మూడు పక్కల కొండలు. అలాంటి నీళ్లని ఆ పక్క ఆవ అంటారు. దీన్ని నల్లావ అనేవారు. ఒడ్డు పొడుగునా తుంగ. తుంగ దాటితే మనిషెత్తు జమ్ము. జమ్ము దాటితే లోతునీళ్లు. చేపలన్నీ లోతులో ఉండేవి. జనమంతా ఒడ్డున ఉండేవాళ్లు. మధ్యలో భూతం ఉండేది.

భూతానికి మూడు గుర్తులు. తెల్లారుతుండగా దాని వీపు కనిపిస్తుంది. ఐదు మూపురాలు, ఒకదాని వెనక ఒకటి, మునుగుతూ తేలుతూ పోతాయి. వేసవి జల్లు పడిన సాయంత్రం దాని గొంతు వినిపిస్తుంది. బుమ్, బుమ్, బుమ్ అని జమ్ము అంతా అదురుతుంది. మండుటెండలో మిట్టమధ్యాహ్నం దాని ఒళ్లే పైకి లేస్తుంది. నల్లగా, గుడిసంత వెడల్పున లేచి, బుస కొట్టి, కుళ్లు కంపు వదులుతుంది.

దొర పడవలు మాత్రం లోతులో తిరిగేవి. ఏడాదికోసారి దొర మేకపోతుని బలి ఇస్తాడు కాబట్టి ఆయన పడవల జోలికి అది రాదని చెప్పేవారు. మేకపోతు పల్లెది. చేపలు దొరవి. భయం పల్లెది, లాభం దొరది. ఆయనకి భూతం మీద ఏమంత నమ్మకం లేదు. జనం భయం మీద మాత్రం గట్టి నమ్మకం.

పల్లెవాళ్లకి ఒక ఆచారం ఉండేది. భూతం కనిపిస్తే కళ్లు మూసుకోవాలి. మొహం తిప్పుకోవాలి. తెడ్డుతో నీళ్ల మీద మూడుసార్లు కొట్టి వెనక్కి రావాలి. తాతలు అలాగే చేశారు, తండ్రులు అలాగే చేశారు. అందుకని ఆ పల్లెలో భూతాన్ని చూడనివాడు లేడు, పూర్తిగా చూసినవాడూ లేడు.

ఒక్క తవిటి తప్ప.

తవిటి తుంగ కోసి చాపలు అల్లేది. మొగుడు లేడు, పిల్లలు లేరు. ఆమెకి ముందు పుట్టినవాళ్లెవరూ దక్కలేదని తల్లి ఆమెని చేటలో వేసి, శేరు తవుడికి పొరుగింట్లో అమ్మి, మళ్లీ అదే తవుడికి కొనుక్కుంది. అందుకే ఆ పేరు. తుంగ కోసేవాళ్లు నడుం లోతు నీళ్లలో నిలబడాలి. గాజులు గలగలమంటే పాములు కదులుతాయని వాటికి తుంగపోచ చుట్టుకునేవారు. తడి తుంగ మోపు తల మీద ఉంటే మెడ తిరగదు. చేతులు రెండూ మోపు మీదుంటాయి, తెడ్డు పట్టుకునే వీలు లేదు. కళ్లు మూస్తే నీళ్లలో అడుగు తప్పుతుంది. కాబట్టి భూతం ఎదురైతే మొహం తిప్పుకోవాలన్నా తవిటికి కుదరలేదు. మొదటిసారి భయంతో చూసింది. రెండోసారి అలవాటుగా చూసింది. మూడోసారి కావాలనే చూసింది.

ఒక ఏడు వానలు ముఖం చాటేశాయి. ఒడ్డు నీళ్లు ఇంకిపోయాయి. రొయ్య లేదు, జల్ల లేదు, పీతపిల్ల లేదు. ఇక లోతునీళ్లైనా దొరకాలి, లేదా పల్లె పల్లంతా మూట కట్టుకుని పోవాలి. బలి రోజున దొర ఒడ్డుకి వచ్చినప్పుడు పల్లె పెద్ద కూర్మయ్య తలపాగా తీసి నేల మీద పెట్టాడు.

“బాబూ, ఈ ఒక్క ఏడూ లోతులోకి పోనివ్వండి.”

“నేనాపానా? భూతం ఆపుతోంది,” అన్నాడు దొర. నవ్వాడు. నవ్వి, ఇంతకుముందు చెప్పానే, ఆ మాట అన్నాడు.

జనంలోంచి తవిటి ముందుకొచ్చింది. “నాను చూపిస్తాను బాబూ.”

“నీ పేరేమిటి?”

“తవిటి, బాబూ.”

“శేరు తవుడు పాటి చెయ్యనిదానివి. నువ్వు భూతాన్ని చూశావా?”

“పూర్తిగా చూసినాను బాబూ. మూడుసార్లు.”

దొర మనుషులు నవ్వారు. పల్లెవాళ్లూ నవ్వారు. ఇది చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది, కానీ నవ్వారు. కడుపు కాలుతున్నవాడు కూడా కడుపు నిండినవాడి నవ్వుతో శ్రుతి కలుపుతాడు.

మర్నాడు తెల్లారకముందే తవిటి అందరినీ జమ్ములోకి దింపింది. ఆడవాళ్ల గాజులకి తుంగపోచ చుట్టింది. దొరని పడవలో కూర్చోబెట్టింది. “ఎవరూ కళ్లు మూయొద్దు. ఎవరూ మొహం తిప్పొద్దు. మోపు తల మీదున్నట్టు నిలబడండి,” అంది.

వెలుగు పడింది. మూపురాలు వచ్చాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. జనం వణికారు, కానీ మెడ తిప్పలేదు. మూపురాలు దగ్గరకొచ్చాయి. మొదటి మూపురానికి మీసాలున్నాయి. రెండోదాని నోట్లో చేప ఉంది. మూడోది ఆ చేపని లాక్కుంది.

“ఓలమ్మా! నీటికుక్కలే!” అంది తవిటి పెదనాన్న కోడలు నూకాలు. “తల్లీ పిల్లలూ వరస కట్టి పోతున్నాయి!”

“మా తాత వీటిని చూసి మూడు రోజులు జొరంతో పడుకున్నాడు,” అన్నాడు కూర్మయ్య. ఎవరో కిసుక్కుమన్నారు.

“వీపు చూపించావు. గొంతు మిగిలింది,” అన్నాడు దొర.

ఆ వేసవిలో ఒకే ఒక్క జల్లు పడింది. ఆ సాయంత్రం జమ్ము అదిరింది. బుమ్, బుమ్, బుమ్. తవిటి ముందు నడిచింది. వెనక పల్లె నడిచింది. గొంతు పెరిగేకొద్దీ మనుషులు తగ్గారు. చివరికి మిగిలినవాళ్లు దొర, కూర్మయ్య, నూకాలు. తవిటి జమ్ము పాయ తీసి చూపించింది. లోపల కోడంత పిట్ట ఒకటి, నల్లటిది, నెత్తిన ఎర్రటి బొట్టుది, ఒళ్లంతా ఉబ్బించుకుని పెట్టని పిలుస్తోంది. ఇంత పిట్టకి అంత గొంతు.

నూకాలు నోరు నొక్కుకుంది. “నీ అన్న కూడా ఇంతేనే. పిలుపు కొండంత, మడిసి పిడికెడు.”

“గొంతు చూపించావు. ఒళ్లు మిగిలింది,” అన్నాడు దొర. ఈసారి నవ్వలేదు.

ఎండలు ముదిరాయి. ఒక మిట్టమధ్యాహ్నం లోతునీళ్లు కుతకుతలాడాయి. బుడగలు లేచాయి. బుస వినిపించింది. కంపు ఒడ్డు దాకా కొట్టింది. నల్లటి ఒళ్లు పైకి లేచింది. తవిటి రెండు తాటిబొదెలు కలిపి కట్టిన దోనె ఎక్కింది. నేరుగా దాని దగ్గరికి పోయింది. దాని మీద కాలు పెట్టింది. ఒడ్డున మూడొందల మంది కళ్లు మూయకుండా చూశారు.

తవిటి వంగి, పిడికిలితో ఆ ఒంటిని పీకి, తెచ్చి దొర కాళ్ల ముందు పెట్టింది. జమ్ము వేళ్లు. ఏళ్ల తరబడి కుళ్లి, అల్లుకుని, చాపలా ముద్దకట్టిన వేళ్లు.

“అడుగున కుళ్లుతాది బాబూ. కుళ్లుకి గాలి పుడతాది. ఎండకి ఆ గాలి ఉబ్బి దీన్ని పైకి ఎత్తుతాది. పులిసిన పిండి పొంగినట్టు. వాన పడి నీరు చల్లబడితే గాలి పోయి మళ్లీ మునుగుతాది. సగం చూస్తే భూతం. పూర్తిగా చూస్తే ఇదీ.”

“ఇవి మూడూ కాక లోపల ఇంకోటుంటే?” అని నూకాలు గుసగుసగా అడిగింది.

“ఉంటే దాన్నీ చూద్దాం వొదినా. కళ్లు మూసుకోడం మాత్రం ఇంకొద్దు.”

దొర ఆ వేళ్లని చూశాడు. జనాన్ని చూశాడు. “మాట మాటే. ఇస్తాను,” అన్నాడు. జనం డప్పు కొట్టారు. పొద్దుగూకే దాకా ఆడారు. అది వాళ్ల తప్పు. గద్దె మీద కూర్చున్నవాడు “ఇస్తాను” అనగానే డప్పు కొట్టడం జనం అనాదిగా చేస్తున్న తప్పు.

మర్నాడు వెళ్లి అడిగారు. “ఇస్తాను. ఇవ్వనన్నానా?” అన్నాడు దొర.

ఎనిమిది రోజులాగి అడిగారు. “ఇస్తాను. ఇవ్వనన్నానా?”

నెల మారాక అడిగారు. “ఇస్తాను. ఇవ్వనన్నానా?” ఈసారి కోట వాకిలి లోపలి నుంచి అన్నాడు.

లోతునీళ్లలో దొర పడవలు తిరుగుతూనే ఉన్నాయి. పల్లెవాళ్లు పోదామంటే కూర్మయ్య ఒప్పుకోలేదు. “మాటిచ్చినాడు కదా. మనం ముందే దిగితే మాట మనం తప్పినట్టవుతాది.” భూతం పోయింది. దాని చోట్లోకి మాట వచ్చి కూర్చుంది. మొదటిదానికి భయపడ్డారు, రెండోదానికి గౌరవం ఇచ్చారు. రెండూ ఒక్క పనే చేశాయి.

ఆకలికి మూడిళ్లు ఖాళీ అయ్యాయి.

అప్పుడు తవిటి ఒక కుండలో అంబలి, ఒక మోపు తుంగ, ఒక కొడవలి దోనెలో వేసుకుని లోతులోకి పోయింది. తేలుతున్న ఆ వేళ్ల ముద్ద మీదికి ఎక్కి కూర్చుంది. చాప అల్లడం మొదలుపెట్టింది. దొర పడవలు దగ్గరికి వస్తే గట్టిగా చెప్పింది.

“మీ దొరతో చెప్పండి. ఆయన మాటకి పొద్దు లేదు, ఏ రోజన్నది లేదు, గాబట్టి ఆ పొద్దు నాను పెడతన్నాను. మృగశిర కార్తెకి వాన పడతాది. వాన పడితే ఇది మునుగుతాది. ఇది మునిగేలోపు జవాబు చెప్పమనండి.”

దొర విన్నాడు. “చెప్తాను. చెప్పనన్నానా?” అన్నాడు.

నూకాలు ఒడ్డు నుంచి అరిచేది. “ఓలే తవిటీ! వచ్చీవే! అంబలి అయిపోలేదేటే?”

“కలవ దుంపలున్నాయే! నీ కూర కన్నా బాగున్నాయి!”

ఒక రోజు, రెండు రోజులు, మూడు రోజులు. పిలిస్తే పలికేది. ఆరో రోజున పలుకు సన్నబడింది. ఎండ, కంపు, జ్వరం. ఏడో రోజున చెయ్యి మాత్రం ఎత్తింది. తొమ్మిదో రోజున మబ్బు పట్టింది. మృగశిర కార్తె వచ్చింది. జవాబు రాలేదు.

మొదటి చినుకు పడింది. బుడగలు పేలాయి. ముద్ద అంచులు మునగసాగాయి. పల్లె అంతా ఒడ్డునే ఉంది. కూర్మయ్య “మాట...” అన్నాడు. నూకాలు అతని మొహంలోకి చూసింది. “ఆ మాటని నువ్వు కూకొని కాపలా కాయి మావా. నాను మడిసి కోసం పోతన్నాను,” అని దోనె తోసింది. ఆమె వెనక ఇంకో దోనె కదిలింది. దాని వెనక ఇంకోటి. చివరి దోనెలో కూర్మయ్య కూర్చున్నాడు. ఒక్కరూ కళ్లు మూసుకోలేదు.

వాళ్లు వెళ్లేసరికి నీళ్లు తవిటి మోకాళ్ల దాకా వచ్చాయి. ఆమె కూర్చునే ఉంది. కళ్లు తెరుచుకునే ఉన్నాయి, కోట వైపు. ఒళ్లో సగం అల్లిన చాప. నూకాలు చెయ్యి పట్టి చూసింది. చల్లగా ఉంది.

ఆమెని దోనెలో పడుకోబెట్టి, ఆ సగం చాప కప్పారు. అప్పుడు చుట్టూ చూసుకున్నారు. అందరూ లోతునీళ్లలో ఉన్నారు. పల్లె పల్లంతా. ఎవరూ ఇవ్వలేదు, వచ్చేశారు. నూకాలు ఏడుస్తూనే వల విసిరింది. నిండా పడింది. దొర పడవలు అంతమందిని చూసి పక్కకి తప్పుకున్నాయి.

ఆ ఏడు తుంగపాలెం వలస పోలేదు.

దొర పోయాడు. కోట కూలింది. మాట మాత్రం ఎవరూ తీర్చలేదు. దొరల తరవాత వచ్చిన పెద్దలు ఆవకి కంచె వేశారు. కంచెకి పలక కట్టారు. ‘లోతునీళ్లు. ప్రమాదం. ప్రవేశం లేదు.’ భూతం బొమ్మ ఒక్కటే తక్కువ. దున్నేవాడిదే భూమి అని సభల్లో వాళ్లే చెప్పారు. మరి వల వేసేవాడివి కావా నీళ్లు అని అడిగితే, “ఇస్తాం. ఇవ్వం అన్నామా?” అన్నారు.

తుంగపాలెంలో ఇప్పటికీ చాప అల్లితే ఒక మూల అల్లకుండా వదిలేస్తారు. అది తవిటి మూల. ఎవరైనా భయపడి ఏదో చెబితే “మోపు నెత్తిన పెట్టుకుని చూశావా?” అని అడుగుతారు. ఎవరైనా మాట ఇస్తే సంతోషించరు. పెళ్లి మాటైనా, పాలికాపు మాటైనా, పెద్దల మాటైనా, “పొద్దు చెప్పు” అంటారు. పొద్దు లేని మాటని ఆ పల్లెలో మాట అనరు, బుడగ అంటారు.

ఈ ఎండలకి నల్లావలో వేళ్ల ముద్ద మళ్లీ తేలింది. తుంగపాలెం వాళ్లం దాని మీద చాప పరిచి వచ్చాం. కంచె వేసినవాళ్లకి కబురు పంపాం. ఇస్తారా, ఇవ్వరా? రెండింట్లో ఏదో ఒకటి చెప్పండి. డప్పులు ఇంట్లోనే ఉన్నాయి, కొట్టం. దోనెలు ఒడ్డున ఉన్నాయి. పొద్దు మేమే పెడుతున్నాం.

మృగశిర కార్తె మొదటి రోజు, తొలి చినుకు పడేలోపు.