బొమ్మలాటవాళ్లు బల్బును ఎందుకు ఊపుతారు

ఒకప్పుడు తెర మీద నీడను ఎవరూ కావాలని వణికించేవారు కాదు. అదే వణికేది. వికారి నామ సంవత్సరం, ఎండాకాలం దాకా అంతే.

ఆ ఎండాకాలం తోలుబొమ్మలాడించే ఓబులేసు కొత్త సీతమ్మను చేశాడు. మెడలో హారం కోసం మేకతోలుకు ఆవగింజలంత రంధ్రాలు పొడిచాడు. ఆముదం దీపం వణికేసరికి తెర మీద ఆ హారమంతా చెదిరిపోయింది.

"ఒక్క ఆటకైనా కుదురుగా ఉండవే" అని దీపాన్ని కసిరాడు.

"నన్నంటావేం? గాలినడుగు" అంది దీపం.

"నిలబడితే నేను గాలినెట్లా అవుతాను?" అంది గాలి. "దీపం వణికితేనే గదా నీ సీత ఊపిరి తీస్తున్నట్టుండేది."

"నీ మాట నాకొద్దు" అన్నాడు ఓబులేసు. గోనెసంచులు తెచ్చి, ముందు తెర వదిలి, డేరాను మూడు పక్కలా సందు లేకుండా కుట్టేశాడు.

అతని భార్య సుంకమ్మ సీత పాటలు పాడేది. "ఏమయ్యా, ఉడికిపోతున్నా. వెనక పక్కన్నా విప్పు" అంది.

"ముందు పాట కానీయ్. ఊపిరి తర్వాత తీసుకుందువు."

బొమ్మను ఆమె చేతికిచ్చి, హారం చూసుకోవడానికి తెర కింద నుంచి బయటికి దూరాడు. దీపం కదల్లేదు. ప్రతి పూస విడిగా కనిపించింది.

దారి కోసం వెతుకుతున్న గాలి గోనెను ఒక్క తోపు తోసింది. గోనె దీపం మీద పడింది. మొదట తెర అంటుకుంది. వెనకంతా కుట్లే.

కొన్నేళ్లకు ఊరికి కరెంటొచ్చింది. ఓబులేసు మళ్లీ సీతమ్మను చేసి బల్బు ముందు నిలబెట్టాడు. హారం స్పష్టంగా పడింది.

"అది ఉత్త తోలు" అంది ముందు కూర్చున్న పిల్ల.

"ఏమే, అట్లా బిగుసుకుపోయావు?" అని నీడనడిగాడు.

"కోరింది నువ్వేగా" అంది నీడ.

అతను గాలిని పిలిచాడు. గాలి వచ్చి బల్బు చుట్టూ తిరిగింది. "ఇందులోకి నాకు దారి లేదు. నీ గోనె కన్నా గట్టిగా మూశారు" అంది.

ఓబులేసు వైరు వదులు చేసి, మోచేత్తో బల్బును కదిపాడు. హారం చెదిరింది. సీత ఊపిరి తీసింది. పిల్ల తెర దగ్గరికి జరిగింది.

అప్పటినుంచే బొమ్మలాటవాళ్లు కుదురైన బల్బును కావాలని ఊపుతారు. కొత్త వస్తువు ఏది వచ్చినా మనుషులు దానికి పాతదాని లోపం నేర్పుతారు. సుంకమ్మ ఆ డేరాలోంచి బయటికి రాలేదు.